నాయనమ్మతో గోల్కొండకు

పిల్లలూ,

ముడిమ్యాల నుంచి అయిదో తరగతి పాప ఒకతె ఈ నెల మనకు ఉత్తరం వ్రాసింది. సంక్రాంతి సెలవులకు వాళ్లు ఇంటిల్లిపాదీ గోల్కొండ కోట చూడబోతున్నారట. కాని నాయనమ్మకు మోకాళ్ల నొప్పులు. తమ్ముడికి నాలుగేళ్లు. "అమ్మ అన్ని మెట్లు ఎక్కలేదు, ఇంటికాడనే వుండనీ" అని నాయన అన్నాడట. "మీరు పోయి రాండ్రి బిడ్డా, నాకేం కోట" అని నాయనమ్మ అన్నది గాని, ఆ రాత్రి అన్నం సరిగా తినలేదట. "ఏం చేయమంటారు?" అని పాప అడిగింది.

నాయన చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు. గోల్కొండ కొండ సుమారు 120 మీటర్ల ఎత్తు. దాని శిఖరం మీద వున్న బారాదరికి చేరాలంటే సుమారు 360 మెట్లు ఎక్కాలి. అవి మన ఇంటి మెట్లలాంటివి కావు. ఒకటి జానెడు ఎత్తయితే మరొకటి మూరెడు. వేల కాళ్లు తొక్కి తొక్కి కొన్ని నున్నగా అరిగిపోయాయి. ఎక్కడం కన్న దిగడం కష్టం. మోకాళ్ల మీద బరువంతా పడేది దిగేటప్పుడే గదా!

అయినా, మెట్లెక్కలేనివాళ్లు కోట చూడలేరనుకోవడం సరికాదు. అది ఎలాగో చెబుతాను. ముందు మీరొక దూరదేశం దాకా నాతో రావాలి.

అమెరికా ఖండంలో మెక్సికో అనే దేశం వున్నది. అక్కడ అడవుల మధ్య మాయా జాతివారు వెయ్యేళ్ల కిందట కట్టిన చిచెన్ ఇట్జా అనే నగరం శిథిలాలున్నాయి. దాని నడుమ మెట్ల పిరమిడ్ ఒకటి. నాలుగు వైపులా మెట్లే. ఒక్కొక్క వైపు 91 చొప్పున 364, పైన గుడి గడప ఒకటి, మొత్తం 365. అంటే ఏడాదిలో ఎన్ని రోజులో అన్ని మెట్లు! పూర్వం యాత్రికులంతా దాన్ని ఎక్కేవారు. మెట్లు మరీ నిటారుగా వుంటాయి. 2006లో ఒక వృద్ధురాలు వాటి మీదినుంచి పడి చనిపోయింది. అప్పటి నుంచి ఎక్కడం మాన్పించారు. ఇప్పుడు పడుచువాళ్లూ, ముసలివాళ్లూ, పసివాళ్లూ అందరూ కింద నిలబడే దాన్ని చూస్తారు.

కింద నిలబడి వాళ్లేం చేస్తారో తెలుసా? చప్పట్లు కొడతారు! మెట్లకు ఎదురుగా నిలబడి ఒక్క చప్పట కొడితే, "కియ్యు" మని పక్షి కూసినట్టు జవాబు వస్తుంది. కెట్జాల్ అనే పచ్చని పక్షి గొంతు అచ్చం అలాగే వుంటుందంటారు. ఇందులో మాయ ఏమీ లేదు. చప్పట శబ్దం కింది మెట్టుకు ముందు తగిలి ముందు తిరిగి వస్తుంది. పై మెట్టు కాస్త దూరం గనుక దాని ప్రతిధ్వని కాస్త ఆలస్యంగా వస్తుంది. ఇలా డజన్లకొద్దీ ప్రతిధ్వనులు వరసగా వచ్చి చెవిలో పడేసరికి అది చప్పటలా గాక కూతలా వినబడుతుంది.

ఇక మన గోల్కొండకు వద్దాం. చప్పట్ల కోట మనకూ వున్నది గదా! కోట లోపలికి అడుగు పెట్టగానే, బాలా హిస్సార్ ద్వారం దాటిన చోట కమానులతో, గుమ్మటంతో కట్టిన మంటపం ఒకటి వస్తుంది. ఆ గుమ్మటం కింద నిలబడి చప్పట కొడితే కొండ శిఖరం మీద వినబడుతుంది. మైదానంలో కొట్టిన చప్పట నాలుగు దిక్కులా చెదిరిపోయి పలచబడుతుంది. ఇక్కడ గుమ్మటం వంపు ఆ శబ్దాన్ని పోగుచేసి పైకి పంపుతుంది. శత్రువు వస్తే కింది కావలివాడు పై వాళ్లకు తెలియజేయడానికి ఇది పనికివచ్చిందని చెబుతారు.

చూశారా? పైనున్నవాడికి కిందివాడు కావాలి. కింద ఎవరూ లేకపోతే పైన వినబడేది ఏమున్నది? ఈ మంటపం దగ్గర నాయనమ్మను నీడపట్టున కూర్చోబెట్టండి. ఆమె ఒక్కతే కాదు, ఇంట్లో పెద్దవాళ్లొకరు తోడుండాలి. మిగిలినవాళ్లు పైకి వెళ్లి, సెల్ ఫోన్‌లో పిలిచి, "ఇప్పుడు కొట్టు నాయనమ్మా" అని చెప్పండి. చప్పట ముందు ఫోన్‌లో వినబడుతుంది, తరువాత గాలిలో వస్తుంది. ఈ రెంటికీ మధ్య ఎన్ని సెకన్లు పట్టిందో చూసి 340తో హెచ్చవేయండి. నాయనమ్మ మీకు ఎన్ని మీటర్ల దూరంలో వున్నదో వస్తుంది. ఎందుకంటే గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. ఫోన్ కూడా మాటను అందించడానికి రవ్వంత ఆలస్యం చేస్తుంది గనుక మీకు వచ్చే లెక్క అసలు దూరం కన్న కొంచెం తక్కువే వుంటుంది. ఈ ప్రయోగానికి నాయనమ్మ కిందనే వుండాలి సుమా! ఆమె కూడా పైకి వచ్చేస్తే లెక్క కుదరదు.

కింది భాగం చూడడానికే ఒక పూట చాలదు. రాజుగారి నగీనా బాగ్ తోట, ఆయుధశాల, అక్కన్న మాదన్నల కచేరీలు, రాణీమహళ్లు అన్నీ కిందనే వున్నాయి. ఈ అన్నదమ్ములిద్దరూ చివరి కుతుబ్‌షాహీ సుల్తాను అబుల్ హసన్ తానీషా కొలువులో మంత్రులు. తానీషా కాలంలోనే, 1687లో, ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు ముట్టడి వేసి, చివరకు లోపలివాడొకడు తలుపు తెరిస్తే గాని కోటలో అడుగు పెట్టలేకపోయింది.

గోడల్లో అక్కడక్కడ మట్టి గొట్టాలు కనబడతాయి. వాటిని నాయనమ్మకు తప్పక చూపించండి. కొండ మీదికి నీళ్లు ఎలా ఎక్కించారో అవి చెబుతాయి. అప్పుడు కరెంటు మోటార్లు లేవు. దుర్గం చెరువు నుంచి వచ్చిన నీటిని కింది తొట్టిలో నింపి, బానల చక్రాలతో తోడి పై తొట్టిలో పోసి, అక్కడినుంచి మళ్లీ తోడి ఇంకా పైకి, ఇలా అంచెలంచెలుగా ఎక్కించేవారు. మీకిది పుస్తకంలో చదివినా అర్థం కాకపోవచ్చు. చేవెళ్ల పల్లెల్లో ఒకప్పుడు ఎడ్లతో మోట కొట్టి మళ్లకు నీళ్లు పారించేవారు. మీ నాయనమ్మ చిన్నప్పుడు ఆ మోట చప్పుడు వింటూ నిద్ర లేచి వుంటుంది. ఆమెను అడగండి. కోటలో వుండే గైడుకు ఇంతకన్న బాగా తెలియదని నా నమ్మకం.

పైన ఏమేమి వున్నాయో దిగి వచ్చాక మీరు ఆమెకు చెప్పాలి. దారిలో కంచర్ల గోపన్నను బంధించిన చెర వున్నది. భద్రాద్రిలో గుడి కట్టించిన రామదాసు అంటే తెలియనిదెవరికి? ఇంకా పైన అంబర్‌ఖానా అనే ధాన్యపు కొట్టు, 1642 నాటి పారసీ శాసనంతో వున్నది. ఇంటి గరిసెలో ఎన్ని బస్తాలు పట్టేవో నాయనమ్మకు తెలుసు; ఈ కొట్టులో ఎన్ని పట్టేవో మీరు అడుగులు కొలిచి వచ్చి ఆమెతో కలిసి లెక్క కట్టండి. శిఖరం దగ్గర జగదాంబ మహంకాళి అమ్మవారి గుడి. ఆషాఢంలో జంటనగరాల బోనాలు మొదలయ్యేది ఇక్కడే. ఆ నెలలో వచ్చే ఆదివారాల్లో, గురువారాల్లో ఇసుక వేస్తే రాలనంత జనం. ముసలివాళ్లనూ పసివాళ్లనూ తీసుకుపోదలిస్తే ఆ రోజులు వద్దు.

ఇక తమ్ముడి సంగతి. నాలుగేళ్లవాడు మొదటి యాభై మెట్లు కుందేలుపిల్లలా ఎక్కుతాడు. తరువాత "ఎత్తుకో" అంటాడు. అంచేత పైదాకా తీసుకుపోవాలని పట్టుపట్టకండి. ఎంతవరకు హాయిగా ఎక్కితే అంతవరకే. కొన్నిచోట్ల గోడ పొట్టిగా వుంటుంది, కొన్నిచోట్ల అసలే వుండదు. వాడి చెయ్యి పెద్దవాళ్ల చేతిలో వుండాలి, మీ చేతిలో కాదు. దిగేటప్పుడు భుజాల మీద ఎక్కించుకోవడం ప్రమాదం. కాలు జారితే ఇద్దరూ పడతారు.

ఎండ మాట మరవకండి. ఆ కొండంతా నల్లరాయి. మధ్యాహ్నానికి పెనంలా కాలుతుంది. సంక్రాంతి రోజుల్లో కూడా పొద్దున్నే బయలుదేరాలి. ముడిమ్యాల నుంచి బస్సులో మర్రిచెట్ల దారిన మొయినాబాద్ మీదుగా వచ్చి లంగర్‌హౌజ్ దగ్గర దిగితే కోట ఎంతో దూరం లేదు. అక్కడినుంచి నాయనమ్మను నడిపించకుండా ఆటో మాట్లాడండి. ఆమె బలం కోటకోసం దాచాలి గదా! మంచినీళ్లు, కూర్చోవడానికి మడతపెట్టిన దుప్పటి ఒకటి, ఆమె వేసుకునే మందులు, ఇవి సంచీలో వుండాలి.

నాయనమ్మకు ఓపిక మిగిలితే, దగ్గరలోనే కుతుబ్‌షాహీ సమాధులున్నాయి. అక్కడ మెట్ల బాధ తక్కువ. తోటల మధ్య చదునైన బాటలు. దిగుడుబావులను పైనుంచి చూసినా చాలు. పెద్ద బావిలో కొంత భాగం 2013 వానలకు కూలిపోతే, పనివాళ్లు రాయి రాయీ ఏరి తిరిగి కట్టారు. ఈ బావులను బాగుచేసినందుకు 2022లో యునెస్కో బహుమతి వచ్చింది. అక్కడ చెట్టు కింద కూర్చుని మీరు తెచ్చుకున్న సద్ది విప్పవచ్చు.

ఉత్తరం వ్రాసిన పాప ఇంకొక ప్రశ్న కూడా అడిగింది: "నాయనమ్మ మళ్లీ రానంటే ఎట్ల?" ఆమెను "వస్తావా?" అని అడగవద్దు. "నాయనమ్మా, కింద చప్పట కొట్టేందుకు నువ్వు లేకుంటే మాకు కోటలో పని కాదు" అని చెప్పి చూడు.

తిరిగి వచ్చాక, ఫోన్‌లో విన్న చప్పటకూ గాలిలో విన్న చప్పటకూ మధ్య ఎన్ని సెకన్లు వచ్చాయో మాకు వ్రాయండి. ఎవరు కొట్టారో కూడా వ్రాయండి.