జూపార్కులో ఓజోన్ మీటరు, చెట్లకి మాత్రం గుండుసున్నా

మొన్న ఆదివారం మావాణ్ణి తీసుకుని పాతబస్తీ జూపార్కుకి వెళ్ళాను. వాడు పులుల్ని చూస్తుంటే నేను (ఉద్యోగరోగం అనుకోండి) ఫోన్లో గాలి లెక్కలు చూస్తూ కూర్చున్నా. కాలుష్య నియంత్రణ మండలి ఆటోమేటిక్ స్టేషన్ ఒకటి జూపార్కు పేరుమీదే ఉంది. దుమ్ముతో పాటు ఓజోన్ కూడా కొలుస్తుంది. బానే ఉంది, కానీ ఎవరికోసం?

ఓజోన్ అనగానే "పైన గొడుగులా కాపాడుతుంది కదా" అంటారు మనవాళ్ళు. అది పైనున్నదాని సంగతి. నేలమీది ఓజోన్ ఏ గొట్టంలోంచీ నేరుగా రాదు. బండ్ల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లూ, పెట్రోలు, పెయింట్ల ఆవిర్లూ ఎండలో కలిస్తే తయారవుతుంది. తమాషా ఏంటంటే, మదీనా చౌరస్తా లాంటి చోట బండ్లు అప్పుడే వదిలిన నైట్రిక్ ఆక్సైడ్ ఓజోన్ని తినేస్తుంది. ఆ గాలి ఊరు దాటాక, చెట్లున్న చోట ఓజోన్ పెరుగుతుంది. తప్పు చౌరస్తాది, శిక్ష అడవికి!

ఆకు ఊపిరి పీల్చే రంధ్రాల్లోంచే ఇది లోపలికెళ్తుంది. ఆకు ముందే పండిపోతుంది, చెట్టు ఎదుగుదల తగ్గుతుంది. కాలిఫోర్నియాలో మనవాళ్ళు స్నో చూడ్డానికి బిగ్ బేర్ వెళ్తారే, ఆ శాన్ బెర్నార్డినో కొండల్లో పాండరోసా పైన్ చెట్లు పచ్చబడి చచ్చిపోతున్నది లాస్ ఏంజిలిస్ ఓజోన్ వల్లేనని 1960లలోనే తేల్చారు.

ఇప్పుడు మన రూల్స్ చూడండి. 2009 జాతీయ గాలి ప్రమాణాల్లో రెండు కాలమ్స్ ఉన్నాయి: మామూలు ప్రాంతాలకొకటి, పర్యావరణపరంగా సున్నితమైన ప్రాంతాలకొకటి. సల్ఫర్ డయాక్సైడ్ ఏడాది సగటు మామూలు చోట ఘనపు మీటరుకి 50 మైక్రోగ్రాములు, సున్నిత ప్రాంతంలో 20. నైట్రోజన్ డయాక్సైడ్ 40, 30. భేష్. మరి ఓజోన్? ఎనిమిది గంటలకి ఇక్కడా 100, అక్కడా 100. గంటకి ఇక్కడా 180, అక్కడా 180. కాపీ, పేస్ట్!

యూరప్‌లో చెట్లకి వేరే లెక్కుంది. 40 పీపీబీ (సుమారు 80 మైక్రోగ్రాములు) దాటిన ప్రతి పగటి గంటలో ఎంత ఎక్కువుందో కూడుకుంటూ పోతారు. ఆరునెలల్లో ఆ మొత్తం 5,000 దాటితే అడవికి ప్రమాదం. మన దగ్గర రోజూ 90 ఉన్నా పాసే. చెట్టు ఖాతాలో మాత్రం బాకీ పెరుగుతూనే ఉంటుంది.

ఇక 2015లో మొదలైన ఏక్యూఐ. ఎనిమిది కాలుష్యాల్లో అన్నిటికన్నా చెడ్డదాన్నే చూపిస్తుంది. మన భాషలో మ్యాక్స్ ఫంక్షన్. దుమ్ము గెలిచిన రోజున ఓజోన్ ఊసే ఉండదు.

అలాగని యూరప్ కాన్ఫిగ్ ఫైల్ తెచ్చి ఇక్కడ అతికించమనట్లేదు. వాళ్ళ ఏప్రిల్-సెప్టెంబర్ లెక్క మనకి కుదరదు. మన టేకు ఎండాకాలం ఆకులు రాలుస్తుంది, ఆకు లేకపోతే ఓజోన్ పీల్చేదెక్కడ? వేప, కానుగ మాత్రం ఉగాదికి కాస్త అటూఇటూగా లేతాకులు వేస్తాయి. ఎండ ముదిరి ఓజోన్ పెరిగే రోజులూ అవే. మన చెట్లకి మన లెక్క కావాలి.

"మనుషులకే దిక్కులేదు, చెట్లకెందుకయ్యా?" అంటారని తెలుసు. బాబూ, జూపార్కులో మిషన్ ఉంది, డేటా వస్తోంది. 40 దాటిన గంటలు కూడి ప్రతినెలా వెబ్‌సైట్లో పెట్టడానికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు, పది లైన్ల కోడ్ చాలు. ఆ తర్వాత పాతబస్తీ నుంచి విజయవాడ రోడ్డెక్కితే తగిలే హరిణ వనస్థలిలో ఒక మీటరు పెట్టండి. పక్కనే బెల్-డబ్ల్యూ3 రకం పొగాకు నాలుగు మొక్కలు నాటండి. ఓజోన్ తగిలితే దాని ఆకులమీద మచ్చలొస్తాయి, చదువురానివాడు కూడా చదవగలిగే మీటరది.

హరితహారం అని కోట్ల మొక్కలు నాటాం. బతికినవెన్నో లెక్కపెడతాం గానీ, అవి ఏం పీలుస్తున్నాయో ఎవరూ లెక్కపెట్టరు. లాగ్స్ రాసుకుంటూ ఒక్కరోజూ తెరిచి చూడని సిస్టమ్‌ని మానిటరింగ్ అంటామా మనం? మీరే చెప్పండి.