ఆరని ఎయిర్‌బ్యాగ్ దీపం: చట్టం చూడని లోపం

ఖటోదరా (సూరత్): ఇగ్నిషన్ ఆన్ చేయగానే డ్యాష్‌బోర్డుపై ఎయిర్‌బ్యాగ్ గుర్తు కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవాలి. ఆరకపోతే లోపం నమోదైనట్టే. ప్రమాద సమయంలో బ్యాగ్ తెరుచుకోకపోవచ్చు. అయినా కారు మామూలుగానే నడుస్తుంది. మరమ్మతు వాయిదా పడటానికి ప్రధాన కారణం అదే.

డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ 2019 జూలై 1 నుంచి తప్పనిసరి. పక్క సీటుకు 2021 ఏప్రిల్ 1 నుంచి కొత్త మోడళ్లతో మొదలుపెట్టి ఆ నిబంధన విస్తరించింది. ఆ తరం కార్లు ఇప్పుడు పాత కార్ల మార్కెట్‌లోకి వస్తున్నాయి.

ఖటోదరా ఉన్న సూరత్ 2006 ఆగస్టులో తాపీ వరదలో మునిగింది. విజయవాడను 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచెత్తింది. చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్ నియంత్రణ యూనిట్ ముందు సీట్ల మధ్య, నేలకు దగ్గరగా ఉంటుంది. సీట్ల కింది కనెక్టర్లూ అంతే. నీరు ఆరిన కొన్ని వారాలకు పిన్నులు తుప్పుపట్టి దీపం వెలగవచ్చు.

స్కానర్ చూపే కోడ్ సర్క్యూట్‌ను సూచిస్తుందే తప్ప, చెడిన భాగాన్ని తేల్చి చెప్పదు. బ్యాగ్‌ను పేల్చే ఇగ్నైటర్ నిరోధం సాధారణంగా రెండు, మూడు ఓంలే. తుప్పు వల్ల ఒకటి రెండు ఓంలు పెరిగినా యూనిట్ దాన్ని లోపంగా లెక్కించవచ్చు. డ్రైవరు వైపైతే స్టీరింగ్‌లోని స్పైరల్ కేబుల్ తెగి ఉండవచ్చు. మల్టీమీటర్‌ను నేరుగా ఇగ్నైటర్‌కు తగిలించకూడదు. ఆ స్వల్ప విద్యుత్తుకే పేలే ప్రమాదముంది. బ్యాటరీ తీసి, కెపాసిటర్‌లోని నిల్వ ఖాళీ అయ్యేదాకా మాన్యువల్ చెప్పినన్ని నిమిషాలు ఆగాలి. తరువాత బ్యాగ్ స్థానంలో అదే విలువ గల రెసిస్టర్ పెట్టి చూస్తారు. కోడ్ పోతే లోపం బ్యాగ్‌ది, పోకపోతే వైరింగ్‌దో యూనిట్‌దో.

చిక్కల్లా ఇక్కడే. పరీక్షకు వాడిన రెసిస్టర్‌ను అలాగే వదిలేస్తే దీపం పద్ధతిగా వెలిగి ఆరుతుంది, బ్యాగ్ మాత్రం ఉండదు. కొనేవారికి స్కానర్ కూడా ఆ మోసాన్ని పట్టివ్వకపోవచ్చు. ఇది మరమ్మతు కాదు, అబద్ధం.

తయారీ లోపానికి దారి వేరు. 2023 జనవరిలో మారుతీ సుజుకీ ఎయిర్‌బ్యాగ్ కంట్రోలర్ అనుమానంతో 17,362 కార్లను వెనక్కి పిలిచి, ఉచితంగా పరీక్షిస్తామంది. ఏ తేదీల మధ్య తయారైన కార్లో కంపెనీ వద్ద జాబితా ఉంది. వరదలో మునిగి చేతులు మారిన కారుకు అలాంటి జాబితా లేదు. దాన్ని కొనేవారు చూడదగినవి సీట్ల పట్టాలపై తుప్పు, కార్పెట్ కింద బురద, బీమా క్లెయిమ్ చరిత్ర.