ముహూర్తం ఆగదు, ఫోకస్ ముందే పెట్టాలి

"సార్, ఇంకోసారి పెట్టండి సార్!"

2019లో హోసూరులో మా చెల్లెలి పెళ్లిలో ఫొటోగ్రాఫర్ అన్న మాట ఇది. తెల్లవారుజాము ముహూర్తం. అడ్డుతెర దిగింది. జీలకర్ర బెల్లం పెట్టేశారు. కెమెరా లెన్సు మాత్రం ముందుకీ వెనక్కీ తిరుగుతూనే ఉంది. పురోహితుడు ఆయన వైపు ఒక్క చూపు చూసి మంత్రం కొనసాగించారు. ఆల్బం వచ్చాక చూస్తే వెనకాల ఎల్‌ఈడీ తెర మీది పూలు భేషుగ్గా పడ్డాయి. చెల్లి ముఖం, వెనక నిలబడ్డ మా నాన్న ముఖం మసక. నాన్న 2021లో పోయారు. ఆ ఫొటో మళ్లీ తీయించుకునే దారి లేదు.

తప్పెవరిది? లక్షలు పోసి కొన్న కెమెరాదేనా?

జనాన్ని ఆకట్టుకున్న మొదటి ఆటోఫోకస్ ఎస్‌ఎల్‌ఆర్ మినోల్టా 7000 వచ్చింది 1985లో. నలభై ఏళ్లు దాటినా మూల సూత్రం అదే. లెన్సు రెండు పక్కల నుంచి వచ్చే వెలుగును పోల్చి దూరం లెక్కేయడం ఒక పద్ధతి. బొమ్మ అంచులు పదునెక్కేదాకా లెన్సును అటూ ఇటూ జరపడం ఇంకో పద్ధతి. రెండింటికీ నలుపు తెలుపుల తేడా కావాలి. తెల్ల మధుపర్కాలు, తెల్ల తెర, మల్లెదండ, పైన హోమం పొగ... ఇక కెమెరాకు పట్టు ఎక్కడ దొరుకుతుంది? మంచులో రోడ్డు మీది గీత కనబడక డ్రైవర్ తడుముకున్నట్టే అదీ తడుముకుంటుంది. చివరికి తేడా బాగా కనబడే ఎల్‌ఈడీ తెరను పట్టుకుంటుంది.

కొత్త కెమెరాలు కన్నును గుర్తుపడతాయి, నిజమే. కానీ ఆ క్షణంలో వధూవరులు తల వంచి ఉంటారు, చేతులు ముఖాలకు అడ్డం వస్తాయి. కన్ను కనబడితే కదా!

దీనికి మందు లేకపోలేదు. తెర దిగకముందే పక్క నుంచి మధుపర్కం రంగు అంచు మీదో, గులాబీ దండ తెల్ల బట్టను తాకే చోటో ఒకే పాయింటుతో ఫోకస్ పెట్టి మాన్యువల్‌లోకి మార్చుకోవాలి. ఆ అంచు ముఖం ఉన్నంత దూరంలోనే ఉండాలి. గులాబీలకు మన హోసూరులో కొదవా? చాలా మిర్రర్‌లెస్ కెమెరాలు నిలువు గీతను పట్టినంత సులువుగా అడ్డగీతను పట్టవు. అంచు అడ్డంగా ఉంటే కెమెరాను కాస్త వంచితే చాలు. లైటు ఎదురుగా కాకుండా పక్క నుంచి పడితే బట్ట మడతల్లో నీడ వస్తుంది, కెమెరాకు ఆధారం దొరుకుతుంది.

ఇంత చేయాలంటే ఆ క్షణం ఎప్పుడొస్తుందో ఫొటోగ్రాఫర్‌కు ముందే తెలియాలి. అసలు చిక్కు ఇక్కడే. 2004లో ధర్మపురి నుంచి విడిపోయిన మన కృష్ణగిరి జిల్లాలో తెలుగు, తమిళం, కన్నడం కలిసే బతుకుతున్నాయి. తమిళ పెళ్లిళ్లకు అలవాటుపడ్డ ఫొటోగ్రాఫర్ తాళి కోసం, గట్టిమేళం కోసం కాచుకుని ఉంటాడు. జీలకర్ర బెల్లం ఆచారం ఉన్న మన ఇళ్లలో ముహూర్తం అంటే అదే, తాళి ఆ తర్వాత. ఈ సంగతి ఆయనకు ఎవరు చెప్పారు? మేమైతే చెప్పలేదు. కెమెరా తడుముకుంది సరే, అంతకుముందే మేం నోరు మెదపలేదు.

డ్రోన్ ఉందా, ఆల్బం ఎన్ని పేజీలు అని బేరమాడతాం. పెళ్లి తంతు వరుస మాత్రం చెప్పం. ముందురోజు పది నిమిషాలు కూర్చోబెట్టి ఏది ముందు, ఏది వెనక, ఎవరెక్కడ నిలబడతారు అని తమిళంలోనో కన్నడంలోనో చెబితే పోయేదేముంది? ముహూర్తం వేళ ఆ ఎల్‌ఈడీ తెరను రెండు నిమిషాలు ఆపమని మండపం వాళ్లకు చెప్పడం పెద్ద పనా?

ఇక "ఇంకోసారి" అనే మాటకు ఒప్పుకోవద్దు. తలంబ్రాలు మళ్లీ పోసుకోవచ్చు గానీ ముహూర్తం మళ్లీ రాదు. ఆ ఒక్క ఫొటోలో ఉన్నవాళ్లంతా పాతికేళ్ల తర్వాత మనతో ఉంటారా? మా ఇంట్లో రెండేళ్లకే తెలిసొచ్చింది.