చెత్త కోసం షాపుకు వెళ్ళొద్దు

పిల్లల డైరీలో ‘బెస్ట్ అవుట్ ఆఫ్ వేస్ట్ ప్రాజెక్ట్, సోమవారం తేవాలి’ అని రాసి ఉంటుంది. మనం దాన్ని ఆదివారం సాయంత్రం చూస్తాం. వెంటనే ఏం చేస్తాం? బండి తీసి స్టేషనరీ షాపుకు వెళ్తాం. ఒక థర్మోకోల్ షీటు, రెండు కలర్ చార్టులు, గ్లిట్టర్, ఐస్‌క్రీమ్ పుల్లల ప్యాకెట్, ఫెవికాల్. షాపతనికి ఇది అలవాటే. ‘ఏ క్లాసు?’ అని అడిగి అన్నీ తనే కవర్లో వేసి ఇస్తాడు. రాత్రి పదిన్నరకు అమ్మ కత్తిరిస్తుంటుంది, నాన్న అతికిస్తుంటాడు, ప్రాజెక్టు చేయాల్సిన బిడ్డ నిద్రపోతుంటుంది. సోమవారం ఫొటో వాట్సాప్ గ్రూపులోకి వస్తుంది. శనివారానికి ఆ బొమ్మ కార్పొరేషన్ చెత్తబండి ఎక్కుతుంది.

ఇంట్లో ఉన్న చెత్త ఇంట్లోనే ఉంది. అంతకుముందు లేని చెత్తను డబ్బు పెట్టి కొత్తగా తెచ్చుకున్నాం.

పైగా ఆ థర్మోకోల్ సంగతి చూడండి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నింటిని 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. స్ట్రాలు, ప్లాస్టిక్ స్పూన్లు, ప్లేట్లతో పాటు అలంకరణకు వాడే థర్మోకోల్ కూడా ఆ జాబితాలో ఉంది. పర్యావరణం మీద ప్రాజెక్టును నిషేధించిన వస్తువుతో చేసి, మార్కులు తెచ్చుకోవడం మనకే చెల్లింది.

ఇంకో విషయం చాలామందికి తట్టదు. కూల్‌డ్రింక్ సీసా ఖాళీ అయ్యాక దాన్ని అలాగే పక్కన పెడితే గుజరీ అంగడిలో దానికి ధర ఉంది. అక్కడి నుంచి అది ఫ్యాక్టరీకి పోతుంది, ముక్కలవుతుంది, కరిగి పాలిస్టర్ దారమవుతుంది. అట్టపెట్టె మళ్ళీ గుజ్జయి అట్టపెట్టె అవుతుంది. మనం ఆ సీసాను సగానికి కోసి, ఎనామిల్ పెయింట్ వేసి, గ్లిట్టర్ చల్లి, వేడి జిగురుతో పూసలంటించి ‘పెన్ స్టాండ్’ అంటాం. ఇప్పుడు దాన్ని గుజరీ అతనికి ఇచ్చి చూడండి. తీసుకోడు. ఒకే రకం ప్లాస్టిక్‌గా ఉన్నంతసేపే అది సరుకు. నాలుగు రకాలు విడదీయలేకుండా కలిసిపోయాక అది నిజంగానే చెత్త. అంటే రీసైకిల్ కాగలిగిన వస్తువును మన చేతులతో మనమే రీసైకిల్ కాకుండా చేశాం. ఆ పెన్ స్టాండ్ మీ టేబుల్ మీద మూడేళ్ళు పెన్నులు మోస్తే నాకే అభ్యంతరమూ లేదు. కానీ అలా మోసే పెన్ స్టాండ్లు ఎన్ని ఇళ్ళలో ఉన్నాయి? ఇప్పటికే నాలుగు ఉన్న ఇంట్లో ఐదోది ఎందుకు?

నా వాదన ఇంతే. వాడినప్పుడే దాన్ని తిరిగి వాడడం అంటారు. చూపించడానికి చేసింది అలంకారం. పాత వస్తువుతో చేసినంత మాత్రాన అది పొదుపు అయిపోదు.

ఈ తేడా మన అనంతపురానికి ఎవరూ నేర్పనక్కర్లేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్మకం లేని వాన. ఒక ఏడు శనక్కాయ పండితే కొన్న వస్తువు, పండని రెండేళ్ళూ ఇంటికి ఉపయోగపడాలి. అందుకే ఇక్కడి పాత ఇళ్ళలో ఏ వస్తువుకైనా రెండో ఉద్యోగం, మూడో ఉద్యోగం ఉండేవి. పాత చీరలు నాలుగైదు ఒకదాని మీద ఒకటి పరిచి, అంచు నుంచి లోపలికి దగ్గర దగ్గరగా కుట్టు వేస్తే బొంత. ఆ బొంత మంచం మీద అరిగాక ఉయ్యాలలో పరుపు, అక్కడా అరిగాక వేడి గిన్నెలు దించే మసిగుడ్డ. వెదురు చేటకు కన్నాలు పడితే పాత కాగితాలు నానబెట్టి, మెంతులు కలిపి రోట్లో రుబ్బి, ఆ గుజ్జును చేటకు మెత్తేవారు. మెంతుల జిగురుకు కాగితం అతుక్కుని, ఎండాక అట్టలా గట్టిపడేది. రాగిపిండి పోసినా ఒక్క రవ్వ జారేది కాదు. ఈ పనికే ఇప్పుడు ‘పేపియర్ మాషే వర్క్‌షాప్’ అని పేరు పెట్టి వేసవి సెలవుల్లో ఫీజు తీసుకుంటున్నారు. లారీ టైరు బావిలో నీళ్ళు చేదే బొక్కెన అయ్యేది, చెప్పులూ అయ్యేది. నూనె డబ్బా బియ్యం కొలిచే డబ్బా అయ్యేది.

పేదరికం గొప్పదని చెప్పడం లేదు. ఎవరూ సరదాకు టైరు చెప్పులు వేసుకోలేదు. కానీ ఆ వస్తువుల్లో ఒక్కటి కూడా గోడకు తగిలించడానికి చేసింది కాదని గమనించండి.

ఇప్పటికీ పల్లెలకు ఈ కళ పోలేదు. ఎన్నికలయ్యాక ఫ్లెక్సీలు ఏమవుతాయో తెలుసుకోవాలంటే కళ్యాణదుర్గం వైపో, ఉరవకొండ వైపో బస్సెక్కి కిటికీలోంచి చూడండి. శనక్కాయ కట్టె వామి మీద, పశువుల కొట్టం మీద, కోళ్ళగూటి మీద అన్ని పార్టీల నాయకులూ చేతులు జోడించి వానకు అడ్డంగా పడుకుని ఉంటారు. అంతకంటే మంచి ప్రజాసేవ వాళ్ళు చేశారో లేదో నాకు తెలియదు.

మరి పిల్లల ప్రాజెక్టు ఎలా ఉండాలి? ఐఐటీ కాన్పూర్‌లో ఇంజనీరింగ్ చదివిన అరవింద్ గుప్తా గురించి మీరు వినే ఉంటారు. పారేసే వస్తువులతో సైన్సు బొమ్మలు చేయడమే జీవితకాలపు పనిగా పెట్టుకున్నారు. 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆయన చూపించిన వాటిలో అన్నిటికంటే చవకైనది సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్క, అగ్గిపుల్లలు. చిన్న ట్యూబు ముక్కకు రెండు వైపులా రెండు అగ్గిపుల్లలు గుచ్చితే వంగే కీలు తయారవుతుంది. మూడు పుల్లలతో త్రిభుజం చేసి పిల్లల్ని నొక్కి చూడమనండి, కదలదు. నాలుగు పుల్లలతో చతురస్రం చేసి నొక్కమనండి, పక్కకు ఒరిగిపోతుంది. అడ్డంగా ఒక కర్ణం పెడితే మళ్ళీ నిలబడుతుంది. సెల్ టవర్ నిండా త్రిభుజాలు ఎందుకున్నాయో ఆరో తరగతి పిల్లవాడు తన వేళ్ళతో తెలుసుకుంటాడు. ఆట అయ్యాక పుల్లలు తీసేసి ట్యూబు ముక్కలు అగ్గిపెట్టెలో దాచుకోవచ్చు. అందంగా ఉండదు, ఫొటోలో అసలు కనబడదు. ఆయన పుస్తకాలు, వీడియోలు ఆయన వెబ్‌సైట్‌లో ఉచితంగానే ఉన్నాయి.

ఇంట్లో నీళ్ళు కూడా ఇలాంటి ప్రాజెక్టే, మన ఊళ్ళో మరీ. ఆర్వో యంత్రం ఒక లీటరు మంచినీళ్ళు ఇవ్వడానికి అంతకు మించిన నీళ్ళు బయటికి వదులుతుంది. ఆ పైపు కింద బకెట్ పెట్టి, వారం రోజులు ఎన్ని లీటర్లు వచ్చాయో రాయమంటే నాలుగో తరగతి పాప కూడా రాయగలదు. వాటిలో ఉప్పులు ఎక్కువ కాబట్టి మొక్కలకు పోయకండి. ఇల్లు తుడవడానికి, బాత్‌రూమ్‌కు పనికొస్తాయి. మొక్కలకు బియ్యం కడిగిన నీళ్ళు ఉండనే ఉన్నాయి.

టీచర్లకు ఒక సూచన. ఈ ప్రాజెక్టుకు ఆ సోమవారం మార్కులు వేయకండి. నెల తర్వాత వేయండి. ‘నువ్వు చేసింది ఇంట్లో ఎవరు వాడుతున్నారు, దేనికి?’ అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు. నాన్న చిరిగిన జీన్స్‌తో కుట్టిన సంచి కుట్టు వంకరగా ఉన్నా సరే, అమ్మ దాన్ని కూరగాయలకు తీసుకెళ్తుంటే పూర్తి మార్కులివ్వండి. షాపు బిల్లు ఉన్న ప్రాజెక్టుకు సున్నా వేయండి, తల్లిదండ్రులం ఒక్కసారి అలిగి ఊరుకుంటాం.

ఇప్పుడు అసలు మాట. ఈ పత్రికలోనే చెప్పడం సబబు. మన ఇళ్ళలో చదువు పేరుతో ఏటా పోగయ్యే సామాను ముందు కూల్‌డ్రింక్ సీసాలు ఏ మూలకు? పొట్టయిపోయిన యూనిఫారాలు, ఒక్క ఏడాదే వేసుకున్న స్పోర్ట్స్ డ్రెస్సు, యాన్యువల్ డేకు ఒక గంట కట్టిన కాస్ట్యూము, సగం కూడా రాయని నోట్‌బుక్కులు, మడత నలగని అట్లాసు. వర్క్‌బుక్ నిండిపోతే ఎవరికీ పనికిరాదు, ఒప్పుకుంటాను. మిగతావన్నీ ఇంకో బిడ్డకు సరిపోయేవే. సీనియర్ దగ్గర సగం ధరకు పుస్తకాలు కొనుక్కుని, మార్జిన్లో అతను రాసిన గుర్తుల వల్ల రెండు మార్కులు ఎక్కువ తెచ్చుకున్నవాళ్ళు మనలో లేరా?

‘ఇంత ఫీజు కట్టి మా పాపకు వేరేవాళ్ళ గౌను వేయాలా?’ అని కొందరంటారు. వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. లేమిలో పెరిగి పైకి వచ్చినవాళ్ళకు పాత బట్టలంటే గుర్తొచ్చేది పొదుపు కాదు, అవమానం. అందుకే ఇది దానంలా ఉండకూడదు. ఇచ్చేవాళ్ళ పేరు, తీసుకునేవాళ్ళ పేరు ఎక్కడా రాయకూడదు. ఇచ్చినవాళ్ళే తీసుకునేవాళ్ళు కూడా కావాలి: చిన్నదైన చొక్కా అక్కడ పెట్టి, పెద్ద సైజుది పట్టుకెళ్ళాలి. అప్పుడది మార్పిడి అవుతుంది. ఎవరికీ తలవంపు ఉండదు.

యాజమాన్యం చేయాల్సిందీ ఒకటుంది. యూనిఫారం రంగు, పుస్తకాల ఎడిషన్ తరచూ మారుతూ ఉంటే పై మాటలన్నీ గాలికి పోయినట్టే. చెక్కుల డిజైన్ మారితే నిరుడు కొన్న మంచి చొక్కా ఈ ఏడు మసిగుడ్డ అవుతుంది. కొన్నేళ్ళు మార్చమని మాట ఇవ్వండి. పర్యావరణ దినోత్సవాన జూన్ 5న పంచే మొక్కల కంటే ఆ మాట వల్ల ఎక్కువ ఆదా అవుతుంది.

ఏప్రిల్లో పరీక్షలు అయిపోయిన మరుసటి శనివారం గేటు దగ్గర రెండు బల్లలు వేయడానికి అనుమతి అడుగుతున్నాం. ఒకటి యూనిఫారాలకు, ఉతికి ఇస్త్రీ చేసి, కాలర్ లోపల సైజు రాసి తేవాలి. రెండోది నోట్‌బుక్కులకు. పిల్లలే తెల్లకాగితాలు విడదీసి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండర్ అట్ట వేసి రఫ్ బుక్కులు చేస్తారు. రాసేసిన కాగితాలు కిలోల లెక్కన గుజరీకి వెళ్తాయి. దబ్బనాలు, పురికొస ఇంట్లో లేకపోతే పాతూరు అంగళ్ళలో దొరుకుతాయి. అవి మాత్రం కొనుక్కోవచ్చు.