టిక్కెట్టు కొనిస్తే ఇల్లు చేరతాడా?



ఎప్పుడూ వంటింటి సంగతులేనా? ఈ వారం ఓసారి రైల్వే స్టేషన్ దాకా వెళ్ళొద్దాం రండి. చాలాకాలంగా మనసులో నలుగుతున్న విషయం ఒకటి మీతో చెప్పుకోవాలి. ఇందులో తప్పు చేసింది నేనే కాబట్టి మొహమాటం లేకుండా చెబుతాను.

మూడేళ్ళ క్రితం వేసవి సెలవుల్లో పుట్టింటికి వెళ్తూ విజయవాడలో బండి మారాల్సి వచ్చింది. ప్లాట్‌ఫారం మీద కూర్చుని పులిహోర డబ్బా మూత తీశానో లేదో, పదేళ్ళ పిల్లాడొకడు వచ్చి నిలబడ్డాడు. చేతిలో అరిగిపోయిన చీపురు. రైలుపెట్టెలు ఊడ్చి చెయ్యి చాపే పిల్లలు ఉంటారు చూడండి, వాళ్ళలో ఒకడు. కాగితంలో పులిహోర పెట్టిచ్చాను. సగం తిని, మిగతాది పొట్లం కట్టుకున్నాడు. "తినరా, ఇంకా ఉంది" అంటే, "రాత్రికమ్మా" అన్నాడు.

మాటల్లో పెట్టి ఊరు అడిగాను. (ఆ ఊరి పేరు ఇక్కడ రాయను, ఎందుకో తర్వాత చెబుతాను.) నాన్న కొడుతున్నాడని ఇల్లొదిలి వచ్చేశాడట. ఇంట్లో అమ్మ, చెల్లి ఉన్నారట. నేనూ ఇద్దరు పిల్లల తల్లినేగా, కడుపు తరుక్కుపోయింది. "మీ అమ్మ నీకోసం ఎంత ఏడుస్తుంటుందో తెలుసా?" అని పావుగంట నీతులు చెప్పి, మావారి చేత టిక్కెట్టు కొనిపించి, వాళ్ళ ఊరి బండి ఎక్కించాను. ఏదో పుణ్యకార్యం చేసినంత సంబరం! పుట్టింట్లో అందరికీ చెప్పుకున్నాను కూడా.

పదిహేను రోజుల తర్వాత తిరుగు ప్రయాణం. అదే ప్లాట్‌ఫారం, అదే పిల్లాడు. నుదుటిమీద మాత్రం కొత్త దెబ్బ. నాకు ఒళ్ళు మండింది. "ఇంటికి వెళ్ళలేదుట్రా?" అని గద్దించాను.

"వెళ్ళానమ్మా. నాలుగు రోజులున్నాను. నాన్న తాగొచ్చి మళ్ళీ కొట్టాడు. అమ్మే డబ్బులిచ్చి పంపేసింది. కొన్నాళ్ళు ఎటైనా పోయి బతకరా నాయనా అంది."

ఇంక నా నోట మాట లేదు. కన్నకొడుకుని చేతులారా రైలెక్కించడానికి ఆ తల్లి ఎంత నలిగిపోయిందో! నేను చేసిందేమిటి? టిక్కెట్టు కొనిచ్చి మరీ పిల్లాణ్ణి ఆ దెబ్బల్లోకి తోశాను.

పక్కనే టీ అమ్మే అతను ఇదంతా వింటున్నాడు. "1098కి ఫోన్ చెయ్యండమ్మా, పిల్లల కోసమే పెట్టిన నంబరు" అన్నాడు. 1996లో ముంబయిలో మొదలైన సేవ ఇది. ఇప్పుడు ప్రభుత్వం చేతుల్లో నడుస్తోంది. పగలైనా రాత్రయినా చెయ్యొచ్చు, పైసా ఖర్చు లేదు. చేశాం. ఒకావిడ వచ్చింది. వస్తూనే ఊరేది, పేరేది అని అడగలేదు. వాడి పక్కన నేలమీద కూర్చుని "ఆ దెబ్బ నొప్పిగా ఉందా?" అంది. నేను మొదటిరోజు అడగాల్సిన మాట అదే.

ఆవిడ దగ్గర తెలుసుకున్న సంగతులు మీకూ చెబుతాను. ఇలాంటి పిల్లలకు మొదట కావలసింది గూడు. కడుపునిండా అన్నం, స్నానం, భయం లేని నిద్ర. పగలంతా సంపాదించిన డబ్బు రాత్రి పెద్ద కుర్రాళ్ళు లాక్కుంటారని ఏ రోజుది ఆ రోజే ఖర్చు పెట్టేస్తారట. ఆకలి, చలి మరిచిపోవడానికి వైట్‌నర్ పీల్చడం మరిగిన వాళ్ళూ ఉంటారు. భయంతో తప్పు పేరు, తప్పు ఊరు చెబుతారు. నమ్మకం కుదిరాకే నిజం బయటికొస్తుంది. విజయవాడలోనే నవజీవన్ బాలభవన్ అనే సంస్థ 1989 నుంచి ఇలాంటి పిల్లల కోసం పనిచేస్తోంది.

2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం ఇలా దొరికిన పిల్లల్ని, ప్రయాణ సమయం పోను, 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. ఒక అధ్యక్షులు, నలుగురు సభ్యులు ఉంటారు. అందులో ఒక్కరైనా ఆడవాళ్ళు ఉండాలి. పిల్లాడు ఎక్కడ ఉండాలో తేల్చేది ఆ కమిటీయే. ఊహ తెలిసిన పిల్లలైతే వాళ్ళ ఇష్టం కూడా అడిగి తెలుసుకుంటారు. నేను వాడి ఇష్టం అడిగానా? లేదు!

రెండోది చదువు. "పదేళ్ళొచ్చాయి, అక్షరం ముక్క రాదు, ఇప్పుడేం చదువు?" అనేస్తాం కదూ? 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఆ మాట ఒప్పుకోదు. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లల్ని వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలి. వెనకబడినదంతా ప్రత్యేక శిక్షణ ఇచ్చి నేర్పాలి. పుట్టినతేదీ కాగితం లేదని వెనక్కి పంపకూడదు. పనిలో మగ్గిన పిల్లలు చదువుకోగలరా అన్న అనుమానం ఉంటే, రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ చేసిన పని గుర్తు చేసుకోండి. 1991 నుంచి అలాంటి పిల్లల్ని శిబిరాల్లో తయారుచేసి బడుల్లో చేర్పించారు. దాన్ని నడిపించిన శాంతా సిన్హాగారికి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది.

మూడోది, అన్నిటికన్నా కష్టమైనది, ఇల్లు. ఇంటికి పంపడమంటే బండి ఎక్కించడం కాదు. ముందు ఎవరో ఒకరు ఆ ఇంటికి వెళ్ళి చూడాలి. వాడు ఎందుకు పారిపోయాడు? తాగుడా, అప్పులా, మారుతల్లా, బడిలో దెబ్బలా? తల్లిదండ్రులతో మాట్లాడాలి, ఒకసారి కాదు, నాలుగుసార్లు. పంపాక కూడా వెళ్ళి చూస్తుండాలి. పేదరికమే కారణమైతే దానికీ దారుంది. మిషన్ వాత్సల్య కింద, భర్త పోయిన, భర్త వదిలేసిన తల్లుల పిల్లలకు నిబంధనలకు సరిపోతే నెలకు 4000 రూపాయల సాయం అందుతుంది. జిల్లా బాలల రక్షణ విభాగంలో అడగాలి. ఇవన్నీ చేసినా ఆ ఇంట్లో క్షేమం లేదనిపిస్తే, పంపకపోవడమే మేలు.

మా పిల్లాడి సంగతి? ఆర్నెల్ల తర్వాత ఆవిడకు ఫోన్ చేశాను. వివరాలు బయట చెప్పకూడదంటూనే "ఓసారి మా దగ్గర్నుంచీ పారిపోయాడండీ, మళ్ళీ తనే వచ్చాడు. ఇప్పుడు అమ్మమ్మ దగ్గరుండి బడికెళ్తున్నాడు. వాళ్ళమ్మ వచ్చి చూసి వెళ్తోంది" అంది. తండ్రి మాత్రం మారలేదట. అన్నీ సినిమాలోలా చక్కబడవు కదా.

ఇక మనం చెయ్యగలిగినవి కొన్ని చెబుతాను, గుర్తుపెట్టుకోండి.

ఒంటరి పిల్లలు కనిపిస్తే తిండి పెట్టండి, మాట కలపండి, 1098కి ఫోన్ చెయ్యండి. లేదా స్టేషన్లో రైల్వే పోలీసులకు చెప్పండి. వాళ్ళొచ్చేదాకా పక్కనే ఉండండి.

ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టకండి. అలాంటి పిల్లల గుర్తులు బయటపెట్టడాన్ని చట్టం ఒప్పుకోదు. నేను ఊరి పేరు రాయనిది అందుకే.

"పాపం, మా ఇంట్లో ఉంచుకుని అన్నం పెడతాం, చిన్నాచితకా పని చేసిపెడుతుంది" అని ఆడపిల్లల్ని తెచ్చుకోకండి. పద్నాలుగేళ్ళ లోపు వాళ్ళను పనిలో పెట్టుకోవడం నేరం. మన పిల్ల బడికి వెళ్తుంటే ఆ పిల్ల గిన్నెలు తోమడం దయ ఎలా అవుతుంది, చెప్పండి?

మీ ఊళ్ళో పిల్లల వసతి గృహం ఉంటే, చిరిగిన బట్టలు మూటగట్టి ఇచ్చేకన్నా, అనుమతి తీసుకుని వారానికో గంట వెళ్ళి లెక్కలో తెలుగో చెప్పండి. మన ఇంటర్ చదువు దానికి చాలు.

చివరిగా ఒక్కమాట. ఆ పిల్లాడు ప్లాట్‌ఫారం మీద పుట్టలేదు. మనలాంటి వీధిలో, మనలాంటి ఇళ్ళ మధ్య నుంచే వెళ్ళాడు. రోజూ రాత్రి వాడి ఏడుపు చుట్టుపక్కల వాళ్ళకు వినపడే ఉంటుంది. "వాళ్ళింటి గొడవ మనకెందుకులే" అనుకుని ఉంటారు. మీ పక్కింట్లో అలాంటి ఏడుపు వినిపిస్తే టీవీ సౌండు పెంచకండి. వెళ్ళి తలుపు తట్టండి. కనీసం చక్కెర అప్పడిగే వంకతోనైనా సరే, వెళ్ళండి. ఆ దెబ్బ అక్కడ ఆగితే, ఓ పిల్లాడు రైలెక్కకుండా ఆగుతాడు.

ఉంటాను మరి. వచ్చేవారం మళ్ళీ కలుద్దాం.