వంటలక్కా, శకుంతలా

మొన్న క్లాసులో నన్నయగారి శకుంతలోపాఖ్యానం చెబుతున్నాను. కొడుకు చెయ్యి పట్టుకుని శకుంతల నిండు కొలువులోకి వచ్చింది. నువ్వెవరో నేనెరుగనన్నాడు దుష్యంతుడు. ఇంతవరకు వచ్చేసరికి వెనక బెంచీలోంచి ఒకమ్మాయి, ''ఇది మన వంటలక్క కథే కదా మేడమ్!'' అంది. క్లాసు క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. కాని బస్సెక్కి ఇంటికొచ్చేదాకా ఆ మాట నన్ను వదల్లేదు. నవ్వి ఊరుకోవలసిన మాట కాదేమో ననిపించింది.

వంటలక్క ఎవరో తెలియని ఇల్లు తెలుగునాట తక్కువే. అయినా సీరియళ్ళు చూడని మహానుభావులు కొందరుంటారు కాబట్టి రెండు ముక్కల్లో చెబుతాను. ''కార్తీక దీపం'' స్టార్ మా ఛానెల్లో 2017 అక్టోబరులో మొదలై 2023 జనవరిలో ముగిసింది. 1500కు పైగా భాగాలు. దీప నల్లపిల్ల. డాక్టరు కార్తీక్ ఏరి కోరి ఆమెను పెళ్ళాడాడు. అతని మీద కన్నేసిన మోనిత అనే డాక్టరమ్మ, నీకు పిల్లలు పుట్టరని అతన్ని నమ్మించింది. దీప నెల తప్పింది. కార్తీక్ అనుమానపడ్డాడు. దీప గడప దాటి, కూతుర్ని పెంచుకుంటూ, వంటలు చేసి నలుగురికీ పెట్టి బతికింది. అలా వంటలక్క అయింది.

ఈ కథను తీసిపారేసేవాళ్ళలో నేను లేను సుమండీ! ఏడున్నరయ్యేసరికి మా అత్తగారు టీవీ ముందు కూర్చునేవారు. నేను ''చూడను, చూడను'' అంటూనే గరిటె చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడేదాన్ని. తెల్లగా ఉంటేనే నాయిక అనుకునే చోట నల్లపిల్లను నడిమధ్య నిలబెట్టారు. మొగుడు కాదన్న ఆడది తన చేతివంటతో తల ఎత్తుకు బతకగలదని చూపించారు. ఆ నలుపు రంగు పూసి తెచ్చినదే అన్నది వేరే సంగతి.

కథ మన సొంతం కాదు. మలయాళంలో ఏషియానెట్‌లో వచ్చిన ''కరుత్తముత్తు'' దీనికి మూలం. అక్కడ మొదట ఆ వేషం వేసిన ప్రేమి విశ్వనాథ్‌గారే ఇక్కడ దీప అయ్యారు. కన్నడం, తమిళం, మరాఠీ, హిందీలలో కూడా ఇదే కథ తీశారు. ఆరు భాషల్లో ఒకే ఆడది ఒకే అనుమానానికి కన్నీళ్ళు పెట్టిందన్న మాట.

మరి ఆ అనుమానం తీరడానికి ఎంత పని? మొగుడు డాక్టరు. డి.ఎన్.ఎ. పరీక్ష చేయిస్తే సరిపోదా అని పక్కింటి పిల్లాడు కూడా అడిగేవాడు. కాని అది తేలితే రేపటి కథ ఏమిటి? సోమవారం నుంచి శనివారం దాకా రోజూ అరగంట నింపాలి. గురువారం వచ్చేసరికి ఎన్ని ఇళ్ళవాళ్ళు చూశారో బార్క్‌వారి లెక్కలు వస్తాయి. వారపత్రికల్లో సీరియల్ నవలలు రాసిన మన రచయిత్రులకు కూడా వారం వారం ఉత్కంఠ నిలబెట్టే బాధ్యత తప్పలేదు. అయితే నవలకు ఒక కొస ఉండేది. టీవీ కథకు లెక్కలు బాగున్నంత కాలం కొస లేదు.

2022లో దీపనూ కార్తీక్‌నూ కారు ప్రమాదంలో చంపేశారు. కథ పెద్దవాళ్ళయిన కూతుళ్ళ మీదికి మళ్ళింది. నెలలు తిరగకుండానే వంటలక్కను బతికించి మళ్ళీ తీసుకొచ్చారు. పాపం, ఆవిణ్ణి సుఖంగా బతకనివ్వరు, చావనూ ఇవ్వరు!

ఇదంతా వ్యాపారం, సరే. క్లాసులో ఆ అమ్మాయి మాట తర్వాత నాకు తట్టిన సంగతి వేరు. నన్నయగారి శకుంతల ఏడుస్తూ వెళ్ళిపోలేదు. సత్యమంటే ఏమిటో నిండు సభలో రాజుకే పాఠం చెప్పింది. ఆకాశవాణి పలికాక దుష్యంతుడు, నాకు అంతా తెలుసు, లోకానికి వెరచి అలా అన్నానని ఒప్పుకున్నాడు. తప్పు ఎవరిదో కథలో స్పష్టంగా ఉంది. నన్నయగారికి చాలా ముందే కాళిదాసు ఇదే కథను నాటకం చేస్తూ దుర్వాసుడి శాపం తెచ్చాడు, ఉంగరం తెచ్చాడు. దాంతో రాజు మరిచిపోయాడే గాని మోసం చెయ్యలేదు. తప్పు శాపం మీదికి పోయింది.

మన సీరియళ్ళలో ఆ శాపం పేరే మోనిత. ప్రతి సీరియల్లోనూ ఒక మోనిత ఉంటుంది, పేరే మారుతుంది. నగలు పెట్టుకుని, కళ్ళు తిప్పుతూ, విషం చిమ్ముతూ ఉంటుంది. ఆమె ఎంత చెడ్డదైతే మొగుడు అంత అమాయకుడు. ఇంట్లో అందరం ఆమెను తిట్టిపోస్తాం. విన్నదల్లా నమ్మి, పెళ్ళాన్ని ఒక్క మాట అడగకుండా కాదన్న మనిషి మాత్రం చివరిదాకా కథానాయకుడే.

ఆ సాయంత్రం ఈ మాటే మా అత్తగారితో అన్నాను. ఆవిడకు 78 ఏళ్ళు. చిక్కుడుకాయలు ఈనె తీస్తున్నదల్లా ఆగారు.

''అమ్మాయ్, పెళ్ళయిన కొత్తలో ఎవరో చెప్పిన మాట పట్టుకుని మీ మామగారు నన్ను రెండేళ్ళు పుట్టింట్లో ఉంచేశారు, తెలుసా?''

నాకు తెలియదు. ఇన్నేళ్ళ కాపురంలో ఎవరూ చెప్పలేదు.

''ఆ చెప్పినావిణ్ణి ఇప్పటికీ తిట్టుకుంటూనే ఉన్నాను. చచ్చిపోయి ఎన్నాళ్ళయిందో! విన్న మనిషిని మాత్రం, మీరెందుకు నమ్మారండీ అని ఒక్కనాడూ అడగలేదు. యాభై ఏళ్ళు పక్కనే ఉన్నారాయె.''

అని మళ్ళీ చిక్కుడుకాయ అందుకున్నారు. ఆవిడ అనుమతి తీసుకునే ఈ మాట రాస్తున్నాను. ''రాయి. పేరు మాత్రం వెయ్యకు'' అన్నారు.

సీరియళ్ళు ఆపెయ్యమని నేననను. మా ఇంట్లోనే ఒప్పుకోరు. రాసేవాళ్ళకు ఒక్క మనవి. నాయిక చేతికి గరిటె ఇచ్చారు, సంతోషం. నోటికి ఒక ప్రశ్న కూడా ఇవ్వండి. ఆ ప్రశ్న ఆడపడుచునో, సవతినో కాక, అడగవలసిన మనిషినే అడగనివ్వండి. అతను జవాబు వెతుక్కోవడానికి వంద భాగాలు పట్టినా మేం చూస్తాం.

రేపు క్లాసులో శకుంతల సభలో మాట్లాడే పద్యాలు చెప్పాలి. ఆ వెనక బెంచీ అమ్మాయిని లేచి చదవమంటాను.