వేడినీళ్ళ యంత్రమూ, దానిని బిగించే చేయీ

బార్డోలీ అనగానే 1928 నాటి రైతు సత్యాగ్రహమూ, దానికి నాయకత్వం వహించిన వల్లభభాయి పటేలూ మనకు స్ఫురించడం సహజం. ఆ ఉద్యమంలో నన్ను ఎప్పుడూ ఆకర్షించిన అంశం ఒకటున్నది. రైతులు శిస్తు చెల్లించబోమని భీష్మించుకుని అంతటితో ఊరుకోలేదు. పెంపుదలకు ఆధారమైన లెక్క తప్పు, దానిని నిష్పాక్షికంగా విచారించండి అన్నారు. పోరాటం ఫలించి విచారణ జరిగింది. సర్కారు సుమారు 22 శాతంగా నిర్ణయించిన పెంపు, బ్రూమ్‌ఫీల్డ్, మాక్స్‌వెల్ అనే ఇద్దరు అధికారుల పరిశీలనలో 6 శాతం చిల్లరకు దిగివచ్చింది.

మొన్నటి జనవరిలో ఆ ఊరిలో వారం రోజులు గడిపినపుడు ఈ ప్రసిద్ధమైన లెక్క నాకు మళ్ళీ గుర్తుకు వచ్చింది. కారణం మాత్రం చిన్నది. వేడినీళ్ళు.

సూరత్ పరిసరాలలో తెలుగువారు తక్కువేమీ కాదు. తెలంగాణ జిల్లాల నుండి మగ్గాలను నమ్ముకుని వెళ్ళిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్, ఉధ్నా ప్రాంతాలలో తరాలుగా స్థిరపడి ఉన్నవి. అటువంటి కుటుంబంలో పుట్టి, రైల్వేలో చేరి, ఉధ్నాలో పనిచేసి విరమించిన మిత్రుడొకరు ఉధ్నా-జల్‌గావ్ మార్గంలోనే ఉన్న బార్డోలీలో ఇల్లు కట్టుకున్నారు. ఇంట్లో ఐదుగురు. తల్లి మంచం మీద ఉన్నది. కొడుకు సూరత్‌లో తపాలా ఉద్యోగి, తెల్లవారుజామున బండి అందుకోవాలి. నాలుగు గంటలకే స్నానానికి వేడినీళ్ళు కావాలి. పాత గీజరు తుప్పుపట్టి కారిపోయింది. దాని స్థానంలో హీట్ పంపు పెట్టించమని దుకాణదారు పోరు. "నువ్వేమంటావు?" అని మిత్రుడు నన్నడిగారు. ఆయనకు చెప్పిన జవాబునే కొంత విస్తరించి ఇక్కడ వ్రాస్తున్నాను. మనలో పలువురికి ఈ ప్రశ్న నేడో రేపో ఎదురు కాక తప్పదు.

హీట్ పంపు కొత్త వింత కాదు. మన ఇంట్లోని ఫ్రిజ్ లోపలి వేడిని తీసి వెనుకవైపు వదులుతున్నది. ఎ.సి. గదిలోని వేడిని వీధిలోకి నెట్టుతున్నది. హీట్ పంపు బయటి గాలిలోని వేడిని గ్రహించి తొట్టిలోని నీటిలోకి ఎక్కిస్తుంది. గీజరు కరెంటునే వేడిగా మారుస్తుంది కనుక ఒక యూనిట్ కరెంటుకు ఒక యూనిట్ వేడి మించి ఇవ్వలేదు. హీట్ పంపు వేడిని పుట్టించడం లేదు, మోస్తున్నది. మోతకూలి మాత్రమే కరెంటు. మన వాతావరణంలో ఒక యూనిట్ మోతకూలికి మూడు యూనిట్ల వేడి సుమారుగా ముట్టుతుంది. 1856లోనే ఆస్ట్రియాలో రిట్టింగర్ అనే ఇంజనీరు ఉప్పునీటిని ఇగిర్చడానికి ఇటువంటి యంత్రాన్ని నిర్మించాడు. ఆవిరిని పారవేయక దాని వేడిని మళ్ళీ వాడుకోవాలన్నదే అతని తాపత్రయం. బార్డోలీవారికి ఈ ఆలోచన అపరిచితం కాదు. అక్కడి సహకార చక్కెర కర్మాగారంలో చెరకు రసాన్ని ఇగిర్చేటప్పుడు ఒక పాత్రలో లేచిన ఆవిరితోనే తరువాతి పాత్రను మరిగిస్తారు.

ఇక లెక్కకు వద్దాము. నూరు లీటర్ల నీటిని 25 డిగ్రీల మేరకు వేడెక్కించడానికి సుమారు 2.9 యూనిట్లు కావాలి. ఐదుగురున్న ఇంటికి రోజుకు 200 లీటర్లు అనుకుంటే గీజరుకు 5.8 యూనిట్లు, హీట్ పంపుకు దాదాపు రెండు. మిగులు నాలుగు యూనిట్ల లోపు. యూనిట్ ఏడు రూపాయలనుకుంటే రోజుకు 28 రూపాయలు. ఏడాది పొడుగునా వాడితే సుమారు పదివేలు, చలికాలపు ఐదు నెలలే వాడితే నాలుగువేల రెండు వందలు. గీజరు కంటే హీట్ పంపుకు యాభైవేలు అదనంగా పెట్టవలసి వచ్చిందనుకోండి. మొదటి ఇంట్లో ఆ సొమ్ము ఐదేళ్ళలో తిరిగి వస్తుంది. రెండవ ఇంట్లో పన్నెండేళ్ళు పడుతుంది. దుకాణదారు చెప్పే "మూడేళ్ళలో డబ్బులు వాపసు" అన్నమాట ఏ ఇంటికి వర్తిస్తుందో అతడినే కాగితం మీద వేసి చూపమనండి.

ఈ లెక్కను బట్టి నా అభిప్రాయం స్పష్టంగా చెబుతున్నాను. దంపతులిద్దరే ఉండి, చలికాలంలో మాత్రమే వేడినీళ్ళు వాడే విశ్రాంత ఉద్యోగికి హీట్ పంపు అనవసరం. మంచి చిన్న గీజరు చాలు. మేడమీద ఎండపడే సొంత జాగా ఉంటే సౌర హీటరు ఇంకా మేలు. క్వార్టరులో ఉండి రెండు మూడేళ్ళకొకసారి బదిలీ అయ్యేవారు దీని జోలికి పోవద్దు. విప్పి బిగించిన ప్రతిసారీ యంత్రం ఆయువు తగ్గుతుంది, పైగా క్వార్టరులో ఇటువంటివి బిగించాలంటే శాఖ అనుమతి కావాలి. పెద్ద కుటుంబం, ముసలివారు, రోగులు ఉండి సంవత్సరమంతా వేడినీళ్ళు అవసరమయ్యే ఇంటికి మాత్రం ఇది తగినదే. మిత్రుని ఇల్లు అటువంటిది.

కొనేటప్పుడు గమనించవలసినవి రెండు. కరపత్రంలోని "నాలుగు రెట్లు", "ఐదు రెట్లు" అన్న అంకె ఏ ఉష్ణోగ్రత వద్ద కొలిచినదో అడగాలి. గాలి ఎంత చల్లబడితే యంత్రం అంత శ్రమపడుతుంది. జనవరి తెల్లవారుజామున వచ్చే ఫలితం మే నెల మధ్యాహ్నపు ఫలితం కాదు. రెండవది తొట్టి పరిమాణం. గీజరు మాదిరి ఇది పావుగంటలో నీళ్ళు కాచి ఇవ్వదు, కొన్ని గంటలు పడుతుంది. అందుచేత కుటుంబం మొత్తానికి సరిపడే తొట్టి తీసుకుని, గాలి వెచ్చగా ఉండే మధ్యాహ్నం వేళ నడిచేట్లు టైమరు పెట్టుకోవడం తెలివైన పని. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన పి.ఎం. సూర్యఘర్ పథకం క్రింద మేడమీద సౌర పలకలు పెట్టించుకున్నవారికి ఆ వేళ కరెంటు కూడా ఇంటిదే. మధ్యాహ్నం కాగిన నీళ్ళు, తొట్టికి మంచి కవచం ఉంటే, మరునాడు తెల్లవారుజాము బండికి పోయేవాడికి పనికివస్తాయి.

ఇంతవరకు యంత్రం సంగతి. అయితే పైన వేసిన లెక్కలో ఒక షరతు దాగి ఉన్నది. ఐదేళ్ళు గాని పన్నెండేళ్ళు గాని, అంతకాలం యంత్రం బ్రతికి ఉండాలి. అది ఎన్నాళ్ళు బ్రతుకుతుందో కంపెనీ పేరు కంటే ఎక్కువగా బిగించిన మనిషి చేతి పని మీద ఆధారపడి ఉన్నది.

నా అనుభవం ఒకటి చెబుతాను. విజయవాడలో నేను ఎ.సి. కొన్న మూడేళ్ళలో మూడు వేసవులూ "గ్యాసు అయిపోయింది" అని మెకానిక్కు వచ్చి గ్యాసు నింపి డబ్బు పట్టుకుపోయాడు. గ్యాసు అనేది స్కూటరులో పెట్రోలు వలె ఖర్చయ్యే వస్తువు కాదు. మూసిన గొట్టంలో తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నదని అర్థం. నాలుగవ ఏట వచ్చిన వృద్ధుడొకాయన సబ్బు నురుగు పూసి, గొట్టపు మూతి విప్పారించి నట్టు బిగించిన చోట బుడగలు చూపించాడు. మొదటి రోజు చేసిన తప్పుకు మూడేళ్ళు జరిమానా కట్టాను. దాని విలువ మంచి బిగింపు కూలికి ఎన్నో రెట్లు.

గొట్టాలు కలిపిన తరువాత జరగవలసిన పని ఇది. నత్రజని సిలిండరుతో పీడనం ఎక్కించి కారుతున్నదేమో చూడాలి. తరువాత వాక్యూమ్ పంపుతో లోపలి గాలినీ తేమనూ లాగివేయాలి. కవాటం మూసి, గేజి ముల్లు కదలకుండా నిలిచినదని నిర్ధారించుకోవాలి. ఆ మీదటనే గ్యాసు వదలాలి. తొందరలో ఉన్నవాడు పంపు తీయడు. లోపలి గ్యాసునే కొంచెం వదిలి దానితో గాలిని వెళ్ళగొట్టి "అయిపోయింది సార్" అంటాడు. మిగిలిన తేమ లోపలి నూనెను పాడుచేసి ఆమ్లమై కంప్రెసరును కొరుక్కుతింటుంది. ఆ ఫలితం ఆనాడు కనబడదు, గ్యారంటీ ముగిసిన తరువాత కనబడుతుంది. రైల్వే సోదరులకు నేను దీనిని వివరించనక్కరలేదు. బ్రేక్ వ్యానులో గేజి చూడకుండా పచ్చజెండా ఊపే గార్డు ఉంటాడా? బిగించేవాని చేతిలో గేజి లేకపోతే మనం కూడా జెండా ఊపరాదు.

ఈ ప్రమాదాన్ని చాలావరకు తప్పించే మార్గం ఒకటున్నది. హీట్ పంపులలో రెండు రకాలు. యంత్రం ఒకచోట, తొట్టి ఒకచోట ఉండి మధ్య రాగి గొట్టాలను మన ఇంటివద్ద కలిపేది ఒకటి. గ్యాసు భాగమంతా ఫ్యాక్టరీలోనే మూసివేసి, మన ఇంటివద్ద నీటి గొట్టాలు, కరెంటు మాత్రమే కలిపేది మరొకటి. నమ్మకమైన పనివాడు దొరకని ఊళ్ళో రెండవ రకమే కొనండి.

అయినా నీళ్ళు, కరెంటు అనే పనులు మిగిలే ఉంటాయి. ఎర్తింగ్ సరిగా ఉన్నదా, లీకేజి కరెంటును పసిగట్టి ఆపే ఆర్.సి.సి.బి. స్విచ్చి పెట్టారా, పీడనం మించితే నీళ్ళు వదిలే సేఫ్టీ వాల్వు ఉన్నదా, దాని మూతిని ఎవరూ బిరడాతో మూయలేదు కదా అని చూసుకోవాలి. బోరునీళ్ళ ఊరైతే ఉప్పు పడుతుంది. తొట్టిలోని మెగ్నీషియం కడ్డీ తుప్పును తన మీద వేసుకుని తొట్టిని కాపాడుతుంది కనుక అది అరిగినపుడు మార్చాలి. మిత్రుని పాత గీజరులో ఆ కడ్డీని పదేళ్ళలో ఎవరూ తెరచి చూడలేదు. మరొక మాట. ఇప్పుడు వాడుతున్న వాయువులలో ఆర్-32 కొంతమేర మండే గుణం కలది. ఆర్-290 అనేది వంటగ్యాసులో ఉండే ప్రొపేనే. వీటితో పనిచేసేవాడు తర్ఫీదు పొందినవాడై ఉండాలి. 2019లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన శీతలీకరణ కార్యాచరణ ప్రణాళికలో లక్షమంది మెకానిక్కులకు శిక్షణ, ధృవపత్రం ఇవ్వాలన్న లక్ష్యమున్నది. వచ్చిన మనిషిని ఆ ధృవపత్రం చూపమని మర్యాదగా అడగడంలో తప్పు లేదు.

ఇక్కడ కొందరు సోదరులు అడ్డుపడి "ఈ కుర్రాళ్ళకు పని రాదు, నిజాయితీ లేదు" అంటారు. నేనంగీకరించను. బిగింపు పని చేసే కుర్రవాళ్ళలో అనేకులకు నెలజీతం లేదు. బిగించిన యంత్రానికి ఇంత అని ముక్కకూలి. గంటలో ముగించినా అదే డబ్బు, నాలుగు గంటలు శ్రద్ధగా చేసినా అదే. నత్రజని సిలిండరును మోసుకుని మూడవ అంతస్తు ఎక్కితే దానికి వేరే కూలి లేదు. పంపును అరగంట నడిపితే తరువాతి ఇల్లు తప్పిపోతుంది. గోడ బయట ఇనుప చట్రం మీద నిలబడి పనిచేసేవాని నడుముకు తాడు ఉండదు. ఇటువంటి ఏర్పాటులో శ్రద్ధగా పనిచేసేవాడు నష్టపోతాడు, తొందరపడేవాడు నెగ్గుకువస్తాడు. కీమ్యానుకు మైలుకింత అని ముక్కకూలి ఇచ్చి పట్టాల మీద బండి నడిపిద్దామంటే మనం ఒప్పుకుంటామా?

"మనం కొనేవాళ్ళం, వాడి కూలి సంగతి మనకెందుకు" అని ఒక తపాలా సోదరుడు నాతో వాదించారు. ఆయన వాదంలో కొంత న్యాయం లేకపోలేదు. ఒక్క ఇంటివాడు కంపెనీ కూలి పద్ధతిని మార్చలేడు. కాని యాభై ఇళ్ళవాళ్ళు కలిసి మార్చగలరు. పండుగ అప్పులు, స్కూటరు అప్పులు ఇచ్చే మన ఉద్యోగుల సహకార సంఘాలు ఇటువంటి యంత్రాలకు ఒక్కుమ్మడి కొనుగోలు ఏర్పాటు చేసి, ధర తగ్గింపుతో పాటు నాలుగు షరతులు కాగితం మీద వ్రాయించుకోవచ్చు. పీడన పరీక్ష, వాక్యూమ్ పరీక్షల అంకెలు వ్రాసి సంతకం చేసి ఇవ్వాలి. బిగించినవాని పేరు బిల్లు మీద ఉండాలి. రోజుకు ఇన్ని ఇళ్ళకు మించి ఒక్కనికి అప్పగించరాదు. ఎత్తున పనిచేసేవానికి నడుముతాడు ఇవ్వాలి. ఇందుకు యంత్రానికి అయిదారు వందలు ఎక్కువైతే కానీయండి. ధర తగ్గించమని బేరమాడి ఆ తగ్గింపును చివరకు ఈ కుర్రవాని కూలిలో నుంచే కోయించడం సంఘంలో ఉన్నవారు చేయదగిన పని కాదని నా నిశ్చితాభిప్రాయం.

మిత్రుడు రెండు వందల లీటర్లది, గ్యాసు భాగం మూసి వచ్చే రకమే తీసుకున్నారు. దుకాణం పంపిన మొదటి మనిషి ఎర్తింగ్ చూడకుండానే ప్లగ్గు పెట్టబోతే ఆపి, మర్యాదగానే పంపివేశారు. రెండు రోజుల తరువాత వ్యారా నుండి వచ్చిన కుర్రవాడు మీటరుతో ఎర్తింగ్ కొలిచి, అది చాలదని చెప్పి, గొయ్యి త్రవ్వించి కొత్త కడ్డీ దింపించిన తరువాతనే యంత్రాన్ని ముట్టుకున్నాడు. ఆ రోజు అతనికి ఇంకో రెండు ఇళ్ళు ఉండినవట, రెండూ పోయినవి. మిత్రుడు ఆ రెండింటి కూలీ లెక్కగట్టి చేతిలో పెట్టారు. కుర్రవాడు మొదట తీసుకోలేదు. సేఫ్టీ వాల్వు గొట్టాన్ని కాలువ వైపు తిప్పి, తొట్టి కడ్డీ తెరచి చూడవలసిన నెలను గోడమీద పెన్సిలుతో వ్రాసి, టీ త్రాగి, డబ్బు తీసుకుని సాయంత్రం బండికి వెళ్ళాడు.